మొరగొద్దని నేర్పిన రోజులు

పెళ్లికి ముందు నాకు కుక్కలంటే అస్సలు పడేది కాదు. సిరిసిల్లలో సాంచాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. సాంచె అంటే మా దగ్గర పవర్‌లూమ్. పొద్దు పొడిచింది మొదలు అవి టకటక ఆడుతూనే ఉండేవి. కుక్క లోపలికొస్తే నూలు మీద పడుకుంటుందని, నూలు చుట్టిన కండెలు నోట కరుచుకుపోతుందని మా అమ్మ చీపురు పట్టుకుని వెంటపడేది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు కుక్కలకు చదువు చెప్పే మొగుడు దొరికాడు.

నిజానికి మమ్మల్ని మోసం చేసి చేసుకున్నాడని అనలేను. పెళ్లినాటికి ఆయన గల్ఫ్‌లో ఒక కంపెనీ గోదాముకు కాపలా ఉండేవాడు. అక్కడి కాపలా కుక్కల బాగోగులు కూడా ఆయనకే అప్పజెప్పారట. ఆ పనిలో పడి మనిషి కుక్కల పిచ్చివాడయ్యాడు. అందరూ గల్ఫ్ నుంచి టేప్ రికార్డర్లు తెచ్చుకుంటే ఈయన ఒక ఈల, నాలుగు తోలు పట్టీలు తెచ్చాడు. నాకు చీరలు కూడా తెచ్చాడనుకోండి. చూస్తే అవి మా సిరిసిల్ల బజారులో దొరికే రకమే.

ఆయన సొంతూరు కోరుట్ల. మళ్లీ గల్ఫ్ పోనని, ఇక్కడే కుక్కలకు ట్రైనింగ్ ఇస్తానని కూర్చున్నాడు. హైదరాబాదులో ఒకాయనకు అలాంటి సెంటరు ఉండేది. ఆయన తన పేరు, బోర్డు, నేర్పే పద్ధతి జిల్లాల్లో వాళ్లకు ఇచ్చేవాడు. ఇప్పుడు దాన్ని ఫ్రాంచైజీ అంటున్నారు, అప్పట్లో మేం బ్రాంచి అనేవాళ్లం. పేరు ఆయనది, పెరడు మాది, చాకిరీ మాది. బోర్డు మీద పెయింటరు వేసిన జాతికుక్క దూడలా ఉండేది. దాన్ని చూసి ఒకాయన ఇది పశువుల దవాఖానా అనుకుని బర్రెను తోలుకొచ్చాడు.

కూర్చోబెట్టడం, ఆగమంటే ఆగడం, తాడు లాగకుండా పక్కన నడవడం, ఇంటికి కాపలా కాయడం, ఇవీ మేం నేర్పేవి. యజమానులు ఊరికి పోతే కుక్కలను మా దగ్గర ఉంచుకునేవాళ్లం. రైస్ మిల్లుల వాళ్లు, డాక్టర్లు, ఇద్దరు ముగ్గురు బీడీ కాంట్రాక్టర్లు వచ్చేవారు. హైదరాబాదాయన పెట్టిన మొదటి షరతు, మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని. ఏ బ్రాంచిలో నేర్చిన కుక్క అయినా ఏ ఊళ్లోనైనా మాట వినాలి కదా అనేవాడు. మా ఆయనకు ఆ షరతంటే భక్తి. రైస్ మిల్లు ముసలమ్మ "సిట్టు బిడ్డా, సిట్టు" అని వాళ్ల కుక్కను బతిమాలుతుంటే నాకు నవ్వు ఆగేది కాదు. కోరుట్ల నిలదొక్కుకుంటే జగిత్యాలలో రెండో బ్రాంచి, ఆ తర్వాత సిరిసిల్లలో మూడోది అని మా ఆయన లెక్కలు కట్టుకున్నాడు. జగిత్యాలలో జాగా కూడా చూసి వచ్చాడు.

సిరిసిల్లలో మా మేనమామ సాంచాల ఖార్ఖానాకు ఒక కుక్క కావాలన్నాడు. మా ఆయన ముచ్చటపడి ఒకదాన్ని తయారుచేసి ఇచ్చాడు. కొత్త మనిషి వాసన తగిలితే చాలు, వీధంతా అదిరిపోయేలా మొరిగేది. కొద్దిరోజులకే మామ దాన్ని వాపస్ పట్టుకొచ్చాడు. సాంచాలు ఆడుతుంటే అది మొరుగుతోందో ఆవలిస్తోందో ఎవరికి ఎరుక అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోరోజు పాపం అనిపించి చెప్పాను. సాంచాల దగ్గర మేం ఎవరినీ కేకేసి పిలవం, పిలిచినా వినపడదు. పోయి ముట్టుకుంటాం. భుజం మీద చెయ్యి పడితే పనిచేసే మనిషి తిరిగి చూస్తాడు, అప్పుడు సైగ చేస్తాం. కుక్కకూ అదే నేర్పరాదా అన్నాను. ఆయన తింటున్న కంచం పక్కకు పెట్టి లేచిపోయాడు. ఆ తర్వాత ఆ కుక్క కొత్త మనిషి వస్తే మొరగడం మానేసి, లోపలికి పోయి మామ అరచేతిలో ముక్కు పెట్టి పొడిచేది. మామ లేచి వెళ్లి ఎవరొచ్చారో చూసుకునేవాడు. ఈ సంగతి తెలిసి హైదరాబాదాయన మండిపడ్డాడు. మొరగని కాపలా కుక్క మన పేరుకే నామోషీ అన్నాడట. మా ఆయన తల వంచుకుని విని వచ్చాడు.

అది పల్లెల్లోకి అన్నలు వచ్చిపోయే కాలం. వాళ్లను నక్సలైట్లని పేపర్లో రాసేవారు, పల్లెల్లో అన్నలనే అనేవారు. వాళ్లు ఊళ్లో అడుగుపెడితే కుక్కలు మొరుగుతాయి. ఒక కుక్క అందుకుంటే ఊరంతా అందుకుంటుంది. ఆ మొరుగుడు విని ఎవరో వచ్చారని పోలీసులకు తెలిసిపోతుంది. అందుకని ఊళ్లల్లో కుక్కలు ఉండకూడదని కబురు వచ్చింది. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కొందరు అన్నంలో ఏదో కలిపి పెట్టారు. కొందరు దూరంగా తీసుకుపోయి వదిలి వచ్చారు, ఆ కుక్కలు వాళ్లకంటే ముందే ఇల్లు చేరాయి. చేతులారా పెంచినవాటిని చేతులారా చంపుకున్నారు. పల్లెల నుంచి మా సెంటరుకు వచ్చేవాళ్లు ఒక్కసారిగా నిలిచిపోయారు.

ఆ రోజుల్లోనే పెగడపల్లి దిక్కు నుంచి ఒకామె వచ్చింది. చంకలో ఆడపిల్ల, చేతిలో గోనెసంచి, సంచిలోంచి ఒక కుక్క తలకాయ. బస్సులో కుక్కను ఎక్కించనంటే సంచిలో కూర్చోబెట్టి మెడ దాకా సంచి మూతి కట్టి తెచ్చిందట. ఆమె మొగుడు, మా ఆయన గల్ఫ్‌లో ఒకే క్యాంపులో ఉన్నవాళ్లు. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. ఊరి చివర పొలం పక్కన ఇల్లు, ఇంట్లో ఆమె, పిల్ల, ఈ కుక్క. జాతీ గీతీ ఏమీ లేని ఊరకుక్క, ఇటుక రంగులో ఉండేది. ఎర్రది అని పిలిచేది.

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "సారూ, దీనికి మొరుగుడు మర్శిపోయేటట్టు జెయ్యుండ్రి. ఊర్ల అన్నిట్ని సంపుతున్నరు. మొరగకుంటే ఉంచుకో అన్నరు పెద్దమనుషులు. మొరిగిందా, ఇది సచ్చినట్టే."

మా ఆయన చాలాసేపు ఎర్రది వైపే చూశాడు. కుక్కకు మొరుగుడు మరపించడం ఎవరివల్లా కాదని, దాని బదులు ఇంకో పని ఇవ్వొచ్చని చెప్పాడు. అప్పటికే ఆయన కళ్లల్లో మా మామ ఖార్ఖానా కనిపిస్తోందని నాకు తెలిసిపోయింది.

నేర్చుకోవాల్సింది కుక్క ఒక్కటే కాదు కాబట్టి ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. చేట నిండా బీడీలు చుట్టుకుంటూ మా పెరట్లో కూర్చునేది. ఇంగ్లీషు మాటలు ఆమె నోరు తిరగలేదు. మా ఆయన మొదటిసారి షరతు పక్కనపెట్టి తెలుగులో నేర్పాడు. ముందు చెప్పినప్పుడు మొరగడం నేర్పాలి, అప్పుడే చెప్పినప్పుడు ఆపడం వస్తుందని ఆయన పద్ధతి. "పలుకు" అంటే మొరగాలి. "ఊకో" అంటే ఆపాలి. ఆపి, ఆమె అరచేతిలో ముక్కు పెడితే జొన్నరొట్టె ముక్క.

నేర్పడానికి ఒక పరాయి మనిషి కావాలి కదా. ఆ వేషం నాకు కట్టారు. మా ఆయన అంగీ తొడుక్కుని, తలకు రుమాలు చుట్టుకుని, సందు చివరి నుంచి దొంగలా నడిచి రావాలి. వీధిలో ఆడవాళ్లంతా అరుగుల మీద చేరి నవ్వేవారు. ఎర్రది నన్ను చూడగానే వెంట్రుకలు నిక్కబొడుచుకుని మొరిగేది, ఆమె "ఊకో" అని అరచెయ్యి చాపేది. రోజూ ఇదే తంతు. తొందరగానే ఎర్రది నన్ను చూసి మొరగడం మానేసింది. గబగబా వెనక్కి పోయి ఆమె చేతిలో ముక్కు పెట్టి, నావైపు తిరిగి చూసేది, ఇదిగో వచ్చింది చూడు అన్నట్టు. నాకు భలే సంబరంగా ఉండేది. ఒకటే బాధ. వేషం తీసేసి గిన్నెలో అన్నం పెట్టినా అది నన్ను నమ్మేది కాదు. దాని లెక్కలో నేను ఎప్పటికీ పరాయిదాన్నే.

వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. అక్కా, చెల్లె అని పిలుచుకునేదాకా వచ్చాం మరి. కొన్నాళ్లకు బస్సులో వచ్చినవాళ్ల చేత కబురంపింది. ఊళ్లో కుక్క అన్నది మిగల్లేదని, ఎర్రది ఒక్కటే ఉందని, ఎవరు వచ్చినా నోరు మెదపకుండా తన చేతికే చెబుతోందని. ఆ రోజు మా ఆయన అటూ ఇటూ తిరుగుతూ నాకు ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు. నేనూ నాలుగుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాను.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఒకరోజు మధ్యాహ్నం మా గేటు ముందు పోలీసు జీపు ఆగింది. కుక్కలకు మొరగొద్దని నేర్పేది నువ్వేనా అని మా ఆయనను అడిగారు. పెగడపల్లి దిక్కు ఒక ఇంటి కుక్క ఎవరొచ్చినా మొరగడం లేదట. పోలీసులు పోయినా మొరగలేదట. అంటే ఆ ఇంటికి ఎవరెవరో వచ్చిపోతున్నారు, ఎవరికీ తెలియకూడదనే కుక్క నోరు కట్టించారు, ఇదీ వాళ్ల అనుమానం. మా ఆయనను జీపెక్కమన్నారు. ఆ చెల్లె అక్కడ ఒక్కతే ఉంటుంది, నేనూ వస్తానని ఎక్కాను. ఎవరూ వద్దనలేదు. కొంగు మోకాళ్ల మీదికి లాక్కుని కూర్చున్నాను.

మేం పోయేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది. పిల్ల ఆమె కాళ్లను పట్టుకుని ఉంది. జీపు దిగిన మమ్మల్నందరినీ చూసి ఎర్రది ఒక్క చప్పుడు చేయకుండా పోయి ఆమె చేతిలో ముక్కు పెట్టింది. ఊరి జనం దూరందూరంగా గోడల పక్కన నిలబడ్డారు. ఎస్సై మా ఆయన వైపు తిరిగాడు. ఆయన తడబడకుండా చెప్పాడు, ఇది ఎవరినీ దాచడానికి కాదు సారూ, కుక్కను బతికించుకోవడానికి నేర్పినదని. సిరిసిల్ల ఖార్ఖానా సంగతి కూడా చెప్పాడు. దానికి నోరు ఉంది, మొరగమంటే మొరుగుతుంది అన్నాడు.

అయితే మొరిగించు అన్నాడు ఎస్సై.

మా ఆయన "పలుకు" అన్నాడు. ఎర్రది కదల్లేదు. మళ్లీ అన్నాడు. అది ఆమె ముఖంలోకి చూసింది. అది మొరగకపోతే ఆమెను, మా ఆయనను జీపెక్కిస్తారు. మొరిగితే గోడల పక్కన నిలబడ్డ ఊరంతా వింటుంది, పెద్దమనుషులు పెట్టిన షరతు తప్పినట్టే, ఎర్రది ఆ ఊళ్లో బతకదు. ఆమెకూ అది తెలుసు. పిల్ల తల నిమురుతూ నిలబడింది. ఏదో ఒకటి అనవే తల్లీ అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఏమనాలో నాకూ తెలియదు.

"పలుకు" అంది ఆమె, మెల్లగా.

ఎర్రది మొరిగింది. ఎన్నాళ్లనుంచి దాచుకుందో ఏమో, పొలాల దాకా వినపడేలా మొరిగింది. గోడల పక్కన ఒక ముసలామె నోట్లో కొంగు కుక్కుకుంది. ఎస్సై చూసి, సరే అని తల ఆడించి జీపెక్కాడు. మమ్మల్ని బస్సుకు పొమ్మన్నాడు. జీపు మలుపు తిరిగాక కూడా అది మొరుగుతూనే ఉంది. ఆమె వంగి దాని మెడ పట్టుకుని "ఊకో" అన్నది. అది వెంటనే ఆపేసింది.

కాసేపటికి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన ముఖంలో కోపం లేదు, నీరసం ఉంది. ఇంత మంది విన్నాక ఇక నా చేతుల్లో లేదు బిడ్డా, పొద్దుగూకకముందే దీన్ని ఊరు దాటించు అని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె లోపలికి పోయి అదే గోనెసంచి తెచ్చింది. ఎర్రది అలవాటుగా తనంతట తానే అందులో కూర్చుంది. సంచి మూతి కట్టి నా చేతికిచ్చి "దీన్ని నువ్వే అర్సుకోవాలె అక్కా" అన్నది. నేను సంచిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాను. బస్సులో దారి పొడవునా అది కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

పోలీసు జీపు మా గేటు ముందు ఆగిందన్న మాట హైదరాబాదు దాకా పోయింది. సెంటరాయన మనిషిని పంపి బోర్డు తీయించాడు. ఆయనను తప్పు పట్టను, పేరు ఆయనది. జగిత్యాల బ్రాంచి మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు. బోర్డు లేకుండానే మా ఆయన పని చేసుకున్నాడు. రైస్ మిల్లు ముసలమ్మ, ఇంకొందరు వస్తూనే ఉన్నారు.

ఎర్రది మా ఇంట్లో ఏడాదికి పైగా ఉంది. పెట్టింది తినేది, స్నానానికి ఒప్పుకునేది, మా ఆయన పిలిస్తే పోయేది. నోరు మాత్రం విప్పలేదు. ఆమె ఆఖరున అన్న "ఊకో" దాని చెవుల్లో ఉండిపోయింది. పోస్టుమ్యాన్ వచ్చినా, గాజులమ్మే ఆమె వచ్చినా గేటు దగ్గర పడుకుని ఊరికే చూసేది. మొరగదు సరే, మా చేతికైనా చెప్పాలి కదా. అదీ లేదు. నేను కావాలని చెయ్యి చాపి దాని ముందు కూర్చునేదాన్ని. వాసన చూసి ముఖం తిప్పుకునేది. నాకు ఉక్రోషం వచ్చేది. నీకు వండి పెట్టేది ఎవరే అని తిట్టేదాన్ని. అంగీ వేసుకుని దొంగలా నడిచినదాన్ని నేనే కదా, దాన్ని ఏమనగలను.

ఆమె రావాలని నాకు ఎంత ఉన్నా రాలేకపోయింది. ఊరు దాటితే ఎక్కడికి పోయావని అటువాళ్లూ ఇటువాళ్లూ అడిగే రోజులు. చివరికి ఒకరోజు పొద్దున్నే వచ్చింది. మనిషి చిక్కిపోయింది. పిల్ల ఇప్పుడు చెయ్యి పట్టుకుని నడుస్తోంది.

ఎర్రది గేటు దగ్గరి నుంచి లేచింది. దాని ఒళ్లంతా తోకతోపాటు ఊగింది. పిల్లను నాకింది, ఆమె కాళ్ల చుట్టూ తిరిగింది. నోటి వెంట మాత్రం చప్పుడు లేదు. అప్పుడు నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని బయటికి వచ్చాను, నా వెనకే మా ఆయన. ఎర్రది మమ్మల్ని చూసి, గబగబా పోయి ఆమె అరచేతిలో ముక్కు పెట్టి పొడిచింది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు దాని అర్థం. ఎవరో పరాయివాళ్లు వస్తున్నారు, చూసుకో.

ఏడాదికి పైగా అన్నం పెట్టినదాన్ని. చెంబు కింద పెట్టేసి అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. కోపమా అంటే కోపమే. అంతకన్నా ఎక్కువగా, ఇన్నాళ్లూ అది ఇంకా ఆమె ఇంటికే కాపలా కాస్తోందని తెలిసి మనసు పిండేసినట్టయింది.

ఆమె ఎర్రది ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక చేత్తో దాని చెవి నిమురుతూ ఇంకో చేత్తో నా చెయ్యి అందుకుని దాని ముక్కు దగ్గర పెట్టింది. "పరాయోళ్లు గాదే. మనోళ్లే" అని చెప్పింది. పిల్లకు చెప్పినంత నిదానంగా చెప్పింది. ఎర్రది నా చెయ్యి వాసన చూసింది.

తీసుకుపోతావా అని నేను అడగలేదు, తీసుకుపోతానని ఆమె అనలేదు. ఊళ్లో ఇంకా కుక్కలు ఉండకూడదన్న మాటే నడుస్తోంది. పప్పు, పచ్చిపులుసు చేసి పెట్టాను, సగమే తిన్నది. మధ్యాహ్నం బస్సుకు బయలుదేరింది. ఎర్రది వెంట పోబోతే "ఉండు" అన్నది, అది ఆగింది. సందు మలుపు దాకా ఆమె తిరిగి చూడకుండా నడిచింది. పిల్ల మాత్రం చూస్తూనే పోయింది.

సాయంత్రం నేను వాకిట్లో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. రోజూ వచ్చే పాలాయనకు జ్వరమని ఎవరో కొత్త మనిషి క్యాన్ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నేను చూడలేదు. నా అరచేతిలో చల్లగా ఏదో తగిలింది. వంగి చూస్తే ఎర్రది. ముక్కుతో ఇంకోసారి పొడిచి గేటు వైపు తిరిగి చూసింది.

ఎన్నాళ్లనుంచి చెయ్యి చాపుకుని కూర్చున్నాను దీని కోసం. సంబరపడాల్సిందే, పడ్డాను కూడా. ఆ వెంటనే బస్సులో ఇంకా ఊరు చేరకుండా కూర్చుని ఉండే ఆమె గుర్తొచ్చింది. ఇక ఆమె చెయ్యి ఖాళీ. ఎర్రది మెడ మీద చెయ్యి వేసి ఏడ్చాను. గేటు దగ్గర పాల మనిషి అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు.